ఆమె వట్టి మనిషి కాదు, మేం ఊరుకునే మనుషులం కాదు

లోకంలో ఏ పనికైనా ఏదో ఒక అర్హత అడుగుతారు. బండి నడపాలంటే లైసెన్స్ కావాలి, ఇంజెక్షన్ పొడవాలంటే డిప్లొమా కావాలి. నెల తప్పిన ఆడమనిషికి సలహా చెప్పాలంటే మాత్రం నోరుంటే చాలు. ఇంత ఉదారంగా తలుపులు తెరిచి ఉంచిన రంగం మరొకటి లేదు. దాన్ని ఇప్పుడు డాక్టర్లు పాడు చేస్తున్నారు. సాటి సలహాదారుల తరఫున ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

ముందు నా అర్హతలు. నేను మగవాణ్ణి. గర్భం మోయడం అటుంచి, ప్రయాణాల్లో నా పెట్టె నేను మోసిన సందర్భాలే తక్కువ. అయినా ఇరవై ఏళ్లలో బంధువుల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో, ఆఫీసులో కలిపి పదకొండు గర్భాలకు సలహాదారుగా పనిచేశాను. పదకొండుమందీ క్షేమంగా ప్రసవించారు. అందులో నా పాత్రేమీ లేదని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

తాజా కేసు మా మేనకోడలిది. ఫోన్ వచ్చింది మా ఆవిడకి. స్పీకర్‌లో ఉంది కాబట్టి నన్ను కూడా అడిగినట్టే లెక్క. "అత్తయ్యా, కిట్ మీద రెండో గీత మరీ లేతగా పడింది. వచ్చినట్టా, రానట్టా?" అని అడుగుతోంది. "గీత లేతగా ఉందంటే గర్భం కూడా లేతగా ఉన్నట్టే. కొంచెం నిలిచి ఉంటుంది, మిగతాది మెల్లగా నిలుస్తుంది" అని నేనే అందుకున్నాను. అటువైపు నుంచి చాలాసేపు మాట లేదు. గౌరవంతోనే అనుకున్నాను.

ఆ వారమే డాక్టర్ దగ్గరికి బయల్దేరారు. అల్లుడు ఊళ్లో లేడు. నన్ను లోపలికి ఎందుకు రానిచ్చారంటే, బయట కూర్చోబెడితే పక్కవాళ్లకి సలహాలిస్తానట. ఈ మాట అన్నది మా ఆవిడ.

డాక్టరమ్మ మొదటి మాటకే నా సిద్ధాంతాన్ని కొట్టిపారేసింది. గర్భంలో కొంచెం, పూర్తి అని ఉండవట. కిట్ పట్టుకునేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. నెలసరి తప్పిన కొత్తలో అది తక్కువగా ఉంటుంది, రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. కిట్ మీద రాసిన సమయంలోపు గీత కనబడితే, లేతదైనా గీతే. అనుమానం తీరకపోతే రెండు రోజులాగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో మళ్లీ చూసుకుంటే సరి. ఇంతే. వారం రోజులు చర్చించాల్సిన విషయాన్ని అర నిమిషంలో తేల్చేసింది.

ఈ కిట్లు రాకముందు రోజులే నయం. 1927లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు ఇదే పనికి చిట్టెలుకల్ని వాడారు. ఈడు రాని ఆడ ఎలుకలకి, గర్భం నిలిచిందో లేదో తేలాల్సిన ఆడమనిషి మూత్రం ఎక్కించి, కొన్ని రోజులయ్యాక కోసి అండాశయాలు చూసేవారు. తర్వాత కప్పలొచ్చాయి. మూత్రం ఎక్కించిన కప్ప ఒక రోజులో గుడ్లు పెడితే శుభవార్త. ఎలుకలూ కప్పలూ అంత సేవ చేశాయి, ఒక్కటి కూడా తిరిగి సలహా చెప్పలేదు. అందుకే వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మేం ఆ పొరపాటు చేయం.

అసలు ఉపద్రవం తర్వాత వచ్చింది. డాక్టరమ్మ కాగితాలు చూసి "ఆరో వారం" అంది. మా అమ్మాయి ఒళ్లో వేళ్లు లెక్కపెట్టుకుంది. మళ్లీ లెక్కపెట్టింది. ముఖం ఎర్రబడింది. "మేడమ్, ఆరు వారాల కిందట మా ఆయన ఊళ్లోనే లేరు" అంది, దాదాపు గుసగుసగా. మా ఆవిడ గోడ మీద పాపాయి పటం వైపు చూసింది. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే.

డాక్టరమ్మకి ఇది రోజూ ఉండేదే అనుకుంటా, నవ్వలేదు కూడా. గర్భాన్ని లెక్కించేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి. ఆ తేదీ అయితే చాలామందికి గుర్తుంటుంది. అండం విడుదలయ్యేది ఆ తర్వాత రెండు వారాలకి. అంటే నలభై వారాల గర్భంలో మొదటి రెండు వారాలు గర్భమే ఉండదు. చూడండి, ఇలాంటి లెక్క మేం చెబితే పిచ్చివాళ్లమని నవ్వుతారు, వాళ్లు చెబితే ఫైల్లో రాసుకుంటారు. డెలివరీ డేట్ సంగతీ అంతే. చివరి నెలసరి మొదటి తేదీకి ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి జరిపి, దానికి ఏడాది కలిపితే వచ్చేదే ఆ తేదీ. నేగెలే అనే జర్మన్ డాక్టరు పేరు మీద చెలామణీ అవుతోంది ఈ సూత్రం. సరిగ్గా ఆ రోజున పుట్టేది నూటికి నలుగురో అయిదుగురో. నూటికి తొంభై అయిదుసార్లు తప్పే తేదీకి అంత మర్యాద!

అదే నా జోస్యం చూడండి. కడుపు ఆకారం చూసి ఆడపిల్లో మగపిల్లాడో చెప్పడంలో నాకు సగానికి సగం కరెక్టైన రికార్డుంది. ఆ సంగతి వినయంగా మనవి చేసుకుంటే, "ఆరో వారంలో కడుపేం కనిపిస్తుందండీ? పన్నెండు వారాల దాకా గర్భసంచి కటి ఎముకల మధ్యే ఉంటుంది" అంది డాక్టరమ్మ. పైగా ఆడా మగా అన్నది వీర్యకణంలో ఎక్స్ క్రోమోజోము ఉందా వై ఉందా అన్నదాన్ని బట్టి మొదటి రోజే తేలిపోతుందట. అల్లుడి వైపు నుంచి తేలే విషయానికి ఇన్నాళ్లూ కోడళ్లని చూసి తీర్పులిచ్చామన్నమాట. మా సలహాదారుల సంఘం మినిట్స్‌లో ఇది రాయవద్దని మా వాళ్లకి చెప్పాను.

మా అమ్మాయి పర్సులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఇరవై మూడు ప్రశ్నలు. అందులో తొమ్మిది నావి, నా దస్తూరీలోనే ఉన్నాయి. డాక్టరమ్మ పప్పులో రాళ్లు ఏరినట్టు ఏరేసింది. చేతులు పైకెత్తొచ్చా? ఎత్తొచ్చు. మెట్లెక్కొచ్చా? ఎక్కొచ్చు. నడవొచ్చా? నడవాలి, వారానికి నూట యాభై నిమిషాలు నడిస్తే మంచిది. ఆఫీసుకి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. భార్యాభర్తలు కలవొచ్చా? ఇబ్బందేమీ లేకపోతే కలవొచ్చు. ఈ చివరిది నా ప్రశ్న కాదు. కాఫీ? రోజు మొత్తానికి కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకుండా, అంటే ఇన్‌స్టంట్ కాఫీ అయితే రెండు కప్పులు, టీ కూడా లెక్కలోకి వస్తుంది. మద్యం? చుక్క కూడా వద్దు. సిగరెట్? ఇంట్లో ఎవరూ కాల్చకూడదు. కాచని పాలు, సగం ఉడికిన మాంసం, పచ్చి గుడ్డు వద్దు. ఇరవై మూడు ప్రశ్నలకి పది నిమిషాలు పట్టలేదు. "ఇద్దరి తిండి తినాలి కదా?" అన్నాను నేను, చివరి అస్త్రంగా. ఆ రెండో మనిషి పన్నెండో వారానికి అయిదారు సెంటీమీటర్లు ఉంటాడట. మొదటి మూడు నెలల్లో అదనంగా తినాల్సింది ఏమీ లేదట.

తినడం దాకా ఎందుకు, తిన్నది ఉంటేగా. వేవిళ్లు పదిమందిలో ఏడెనిమిది మందికి ఉంటాయి. ఆరో వారం దగ్గర మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, చాలామందికి మూడు నాలుగు నెలలకి సర్దుకుంటాయి. ఇంగ్లీషు వాళ్లు దీనికి పొద్దుటి జబ్బని పేరు పెట్టారు గానీ, మా అమ్మాయికి మధ్యాహ్నం మూడుకి, రాత్రి పదకొండుకి కూడా వస్తోంది. దీని మీద మా సంఘం ఎప్పుడో తీర్పిచ్చింది: అంతా మనసులోనే ఉంటుంది, పనిలో పడితే పోతుంది. ఇప్పుడేమో పరిశోధకులు 2023లో తేల్చిందేమిటంటే, ఇందులో పెద్ద పాత్ర జీడీఎఫ్15 అనే హార్మోన్‌ది. అది ఎక్కువగా వచ్చేది బిడ్డ వైపు నుంచి. గర్భానికి ముందు దానికి అంతగా అలవాటు పడని ఒంటికి బాధ ఎక్కువ. అంటే ఆమె నటించడం లేదు. ఇన్నేళ్లూ ఎన్ని గదుల గుమ్మాల దగ్గర నిలబడి "కాస్త ఓర్చుకోవాలమ్మా" అన్నానో లెక్క తీయదలచుకోలేదు.

డాక్టరమ్మ చెప్పింది ఇది: కడుపు ఖాళీగా ఉంచొద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను, ఏ వాసన పడకపోతే దానికి దూరంగా ఉండు. మంచినీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులోకి మారి తగ్గిపోయినా, బరువు పడిపోతున్నా ఓర్చుకోవద్దు, వచ్చెయ్. దీనికి మందులున్నాయి.

మందులనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ కాన్పప్పుడు వేసుకున్న బిళ్ల పేరు నాకింకా గుర్తుంది. పేరు నోట్లోంచి వచ్చేలోపే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒకరికి పడింది ఇంకొకరికి ఇవ్వొద్దండీ. థాలిడోమైడ్ పేరు విన్నారా?" 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది. చీటీ లేకుండా అమ్మేంత నమ్మకం దాని మీద. వేవిళ్లకి కూడా వాడారు. 1961లో వెనక్కి తీసుకునే సరికి ఎన్నో దేశాల్లో పదివేలమందికి పైగా పిల్లలు అవయవాలు సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో మాత్రం మందుల అనుమతులు చూసే ఫ్రాన్సిస్ కెల్సీ అనే డాక్టరు, వివరాలు చాలవు, ఇంకా తెండి అంటూ అనుమతి ఇవ్వకుండా కూర్చుంది. అయితే, ఈ కథ విని భయపడి థైరాయిడ్ బిళ్లో, ఫిట్స్ బిళ్లో తమంతట తాము మానేయడం కూడా అంతే ప్రమాదమట. వేసుకోవాలన్నా మానాలన్నా డాక్టర్ని అడగాలి. మధ్యలో మేమెందుకు మరి?

ఫోలిక్ యాసిడ్ దగ్గర మా వృత్తికి అసలైన దెబ్బ తగిలింది. రోజుకి 400 మైక్రోగ్రాములు. చిన్న బిళ్ల. బిడ్డ మెదడూ వెన్నుపామూ తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన ఇరవై ఎనిమిది రోజుల్లో మూసుకుపోతుంది. అది సరిగా మూసుకోవడానికి ఈ బిళ్ల కావాలి. దీని కథ మొదలైంది లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరుతో. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి రక్తం ఎందుకు పడిపోతోందో వెతుకుతూ, ఈస్ట్ సారం ఇస్తే కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఇదే విటమిన్. అరవై ఏళ్ల తర్వాత, 1991లో, అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లుల్లో ఆ ముప్పు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన ప్రయోగంలో తేలింది.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ గొట్టం మూసుకునేది డాక్టర్ల లెక్కలో ఆరో వారానికి. చాలామందికి అనుమానం వచ్చేదే అయిదో వారంలో. అక్కడి నుంచి కబురు పిన్నికి చేరి, పిన్ని నుంచి మాకు చేరి, మేం గొంతు సవరించుకునేసరికి పని పూర్తయిపోయి ఉంటుంది. అందుకే ఆ బిళ్ల పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే మొదలుపెట్టి పన్నెండో వారం దాకా వేసుకోవాలట. ముందు వేసుకోకపోయినా కంగారు పడకుండా తెలిసిన రోజే మొదలుపెట్టాలి. ఇంత ముఖ్యమైన సలహా మాలో ఒక్కరూ ఎందుకివ్వలేదంటే, పెళ్లయిన జంటని మేం అడిగేది "ఇంకా విశేషం లేదా?" అనే. బిళ్ల గురించి అడగాలని తోచదు.

పదకొండు కేసులని చెప్పాను కదా. ఆ లెక్కలో చేర్చనిది ఒకటుంది. మా ఆఫీసులో ఒకామెకి తొమ్మిదో వారంలో గర్భం పోయింది. సెలవు ముగిసి వచ్చిన రోజు నేనే ముందు పలకరించాను. "స్కూటర్ వద్దని చెప్పానా లేదా?" అన్నాను, ప్రేమగానే. ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత స్కూటర్ మీద రావడం మానేసింది. ఎండలో బస్సు దిగి నడిచొచ్చేది.

మా అమ్మాయి కాగితంలో పద్దెనిమిదో ప్రశ్న అదే: బండి ఎక్కితే పోతుందా? పోదు, అంది డాక్టరమ్మ. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా మొదట్లోనే నిలవవు. వాటిలో సుమారు సగం క్రోమోజోముల్లో వచ్చే తేడా వల్ల. బండి వల్లా, మెట్ల వల్లా, బిందె ఎత్తడం వల్లా, ఏడ్చినందువల్లా కాదు. ఎవరి తప్పూ కాదు. ఆ ఆఫీసామె నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. ఏ విషయానికైనా నా దగ్గర మాటలు తయారుగా ఉంటాయి. ఆ నంబరుకి చెప్పాల్సిన మాట మాత్రం కుదరడం లేదు.

చీటీ వెనక డాక్టరమ్మ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోమంది. కొంచెం మరకలా కనిపించడం మొదటి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి ఉంటుంది, అయినా చెప్పాలి. రక్తం ఎక్కువగా పోయినా, పొత్తికడుపులో ఒకపక్క గట్టిగా నొప్పొచ్చినా, భుజం కొసన నొప్పి పుట్టినా, కళ్లు తిరిగి పడిపోయినా ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి రావాలి. గర్భం గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం మీదకొస్తుంది. "ఎవరినీ" అన్న చోట పెన్ను రెండుసార్లు గీసింది. గీస్తూ నావైపు చూసింది.

లేవబోతుంటే, "ఇంట్లో పెద్దవాళ్ల సాయం కూడా ఒకటి కావాలి" అంది. నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఎట్టకేలకు.

"పిల్లి ఉందన్నారు కదా. దాని లిట్టర్ ట్రే, అంటే అది దొడ్డికెళ్లే తొట్టి, అమ్మాయి ముట్టుకోకూడదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. విసర్జించిన రోజే అది అంటుకోదు, ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ఎవరో ఒకరు రోజూ శుభ్రం చెయ్యాలి. గ్లవ్స్ వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి."

"మావయ్య ఖాళీగానే ఉంటాడు మేడమ్" అంది మా అమ్మాయి.

అలా రోజూ పొద్దున ఏడింటికి వెళ్తున్నాను. ఇవాళ ఇరవై రెండో రోజు. నేను వంగి గీకుతుంటే పిల్లి కిటికీ గూట్లో కూర్చుని తల ఒకపక్కకి వంచి చూస్తూ ఉంటుంది. మూలన కాస్త వదిలేశాననుకోండి, దిగొచ్చి అక్కడే నిలబడి మ్యావ్ అంటుంది.