వేలంపాటల పదవి కొన్నోడిని ఎవరు అడగాలె?

హన్మకొండల నలుగురు కూసున్న కాడ ఈ మాట రాకుంట ఉండదు: "ఈ సదువురాని లీడర్లతోని కాదు, అంతా ఐఏఎస్‌ల చేతిల పెట్టాలె." మొన్న గ్రూపుల మళ్ల ఒకాయన పెట్టిండు, కింద లైకులే లైకులు.

అరె, మన ఊర్లల్ల ఆ ముచ్చట కూడ అయిపాయె కదా! 2024 ఫిబ్రవరి మొదట్ల సర్పంచుల పదవీకాలం ఒడిసింది. 2025 డిసెంబర్‌ల ఎన్నికలు పెట్టేదాక స్పెషల్ ఆఫీసర్ల పాలననే. సదువుకున్నోళ్లు, ఓటు అడుక్కునే పనిలేనోళ్లు. ఏమైంది? ఆఫీసర్‌కు తన డ్యూటీ తనకుండె, దాని మీద మన ఊర్లు అదనం. ట్రాక్టర్ డీజిల్‌కు పంచాయతీ సెక్రెటరీలు జేబుల పైసలు పెట్టుకున్నరు. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు ఆగినయి. ఆ ఆఫీసర్లు చెడ్డోళ్లని అంటలేను. నల్లా రాకపోతే నిలబెట్టి అడగనీకి మనిషి లేకపాయె. సర్పంచ్ అయితే తెల్లారితే మన గల్లీల నుంచే నడవాలె.

అట్లని "ఊరి పెద్దలు చూసుకుంటరు" అంటే నాకు ఇంకా భయం. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల దిక్కు చుట్టాలున్నోళ్లకు వీడీసీలు ఎరుకే. గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు. పంచాయతీరాజ్ చట్టంల దానికి ఏ అధికారం లేదు, అయినా బెల్టుషాపు వేలం దానిదే, జరిమానా దానిదే. మాట వినని కులాన్ని బహిష్కరించి, కిరాణంల సామాన్ కూడ ఇయ్యొద్దని హుకుం ఏసిన ఊర్లున్నయి, పోలీసు కేసులు కూడ అయినయి. గుడి కట్టిండ్రు, బడికి గదులేసిండ్రు అంటరు. నిజమే, కొన్ని చోట్ల చేసిండ్రు. ఆ కమిటీల ఆడోళ్లు ఎందరు? దళితవాడ నుంచి ఎందరు? లెక్కల బుక్కు ఎవరన్న చూసిండ్రా? ఎన్నికలొస్తే సర్పంచ్ పదవినే పాట పెడుతరు, గుడికి ఎక్కువ లక్షలు ఇస్తానన్నోడికే కుర్సీ. దానికి "ఏకగ్రీవం" అని పేరు పెట్టి దండలేస్తరు! గ్రామసభల నిలదీస్తే ఆయన ఏమంటడు? "పైసలు కట్టి తెచ్చుకున్న, నీకేంది" అంటడు.

కమిటీలే తప్పంటలేను. గీసుగొండ మండలం గంగదేవిపల్లిల నీళ్లకో కమిటీ, పారిశుధ్యానికో కమిటీ పెట్టుకునే ఊరు బాగుచేసుకున్నరు. సారా బందు చేసింది కూడ ఆ ఊరోళ్లే.

ఇగ మహిళలకు సగం సీట్లు. ఉన్నయి. ఫ్లెక్సీల అక్క ఫోటో చిన్నగ, బావ ఫోటో పెద్దగ. ఎంపీడీవో ఆఫీసుకు బావనే పోతడు, సంతకానికి రిజిస్టర్ ఇంటికొస్తది. ఆమెకేం తెల్వదంటరు. మహిళా సంఘంల బ్యాంకు లోన్లు, కిస్తీలు ఏండ్ల సంది చూసుకునేది ఆమెనే నాయనా!

పైనోళ్లు కూడ తక్కువేం కాదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌ల పంచాయతీలకు 29 అంశాలు రాసిపెట్టిండ్రు. మన సర్పంచ్ చేతికొచ్చినవి చెత్త ట్రాక్టర్, నర్సరీ, వైకుంఠధామం. సర్కారు ఇచ్చే ఇండ్ల జాబితా ఎమ్మెల్యే మాట లేకుంట కదలదు. ఊరంతా ఓటేసి గెలిపించిన మనిషిని సస్పెండ్ చేసే అధికారం 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కలెక్టర్‌కు ఇచ్చింది.

నేనడిగేది ఆ అధికారం గ్రామసభకు ఇయ్యుమని. రెండు నెలలకోసారి సభ పెట్టాలని అదే చట్టంల ఉన్నది. ఇల్లు ఎవరికొచ్చింది, ఎందుకొచ్చింది, పేర్లు సదివి అక్కడనే తేల్చాలె. పొద్దుగాల పదకొండింటికి సభ పెట్టి "జనం వస్తలేరు" అనుడు కూడ బందు చెయ్యుండ్రి. రాత్రి ఎనిమిదింటికి పెట్టుండ్రి, నాట్లకు పోయినోళ్లు కూడ వస్తరు.