గడియారం నకముర చేతిలో.. మరి తెల్లపావులతో గెలిచి తీరాల్సిన రోజున?

2008లో ఇంటర్నెట్ చెస్ క్లబ్‌లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకముర మూడు నిమిషాల గేమ్ ఒకటి ఆడాడు. ఎదురుగా ఉన్నది మనిషి కాదు, ఆ రోజుల్లో అత్యంత బలమైన ఇంజిన్‌గా, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా పేరున్న రిబ్కా. గేమ్ 271 ఎత్తుల దాకా సాగింది, గెలిచింది నకముర. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. ఎత్తుకు ముప్పావు సెకను కూడా రాదు. ఈ లెక్క వినగానే అందరూ చేతివేగం గురించే మాట్లాడతారు. బోర్డు మీద జరిగింది వేరు. బంట్లు ఒకదానికొకటి అడ్డంపడి ఆట పూర్తిగా మూసుకుపోయేలా నకముర చూసుకున్నాడు. అలాంటి చోట పావుల్ని అటూ ఇటూ జరుపుతూ ఉండటానికి ఆలోచనతో పనిలేదు. ఇంజిన్ మాత్రం పావుల విలువ కూడుకుని తానే ముందున్నానని నమ్మింది. 50 ఎత్తుల పాటు బంటు కదలకపోతే, పావు పోకపోతే డ్రా. ఆ గడువు ముంచుకొచ్చేసరికి డ్రా ఇష్టం లేని ఇంజిన్ తన బంటును తానే తోసి, తన కోట తలుపు తానే తెరిచింది.

నకముర ఆన్‌లైన్ ఆటంతా ఈ ఒక్క గేమ్‌లో కనిపిస్తుంది. ఆలోచించాల్సిన సందర్భాలను తనకు తగ్గించుకుంటాడు, ఎదుటివాడికి పెంచుతాడు. అతని బలం ఇదే. పెద్ద టోర్నీల్లో చివరి మెట్టు మీద అతన్ని ఆపుతున్నదీ ఇదే అలవాటు అని నా అంచనా.

1987లో జపాన్‌లో పుట్టి అమెరికాలో పెరిగాడు. చెస్‌లో దారి చూపింది సవతి తండ్రి, శ్రీలంక మూలాలున్న కోచ్ సునీల్ వీరమంత్రి. 2003లో 15 ఏళ్ల 79 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యి బాబీ ఫిషర్ పేరిట ఉన్న అమెరికా రికార్డును చెరిపేశాడు. అయిదుసార్లు అమెరికా ఛాంపియన్. అత్యధిక రేటింగ్ 2816, అది 2015 అక్టోబర్‌లో. ఇక ఆన్‌లైన్‌కొస్తే, చెస్ డాట్ కామ్ సైట్ నడిపే స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌ను 2018 నుంచి 2022 దాకా వరసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. 2022 ఫైనల్లో నార్వే దిగ్గజం మాగ్నస్ కార్ల్‌సన్‌ను 14.5-13.5తో ఓడించాడు, మరుసటి ఫైనల్లో అదే కార్ల్‌సన్ చేతిలో 12.5-13.5తో ఓడాడు. ఇంత బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే వేగవంతమైన చెస్) ఆడగల మనిషి ఎదురెదురుగా కూర్చుని ఆడే ప్రపంచ బ్లిట్జ్ టైటిల్‌ను మాత్రం ఇంతవరకు గెలవలేదు. 2019 మాస్కోలో రజతం, 2022 అల్మాటీలో మళ్లీ రజతం. ఈ తేడా ఎందుకొచ్చిందో చూడాలంటే ముందు ఆన్‌లైన్ గడియారం ఎలా పనిచేస్తుందో తెలియాలి.

చెస్ డాట్ కామ్‌లో గ్రాండ్‌మాస్టర్ లాంటి బిరుదులున్నవాళ్లు ఆడే టైటిల్డ్ ట్యూస్‌డే టోర్నీలో వాడే 3+1 తీసుకుందాం. 180 సెకన్లు, ప్రతి ఎత్తుకూ ఒక సెకను అదనం. 60 ఎత్తుల గేమ్‌కు మొత్తం 240 సెకన్లు, ఎత్తుకు సగటున నాలుగు. మొదటి 12 ఎత్తులను సెకనుకొకటి చొప్పున ఆడేస్తే గడియారంలో 180 అలాగే ఉంటుంది, మిగిలిన 48 ఎత్తులకు మొత్తం 228 సెకన్లు దొరుకుతాయి. అదే ఓపెనింగ్‌కు, అంటే ఆ ఆరంభ ఎత్తులకు, 40 సెకన్లు పెట్టినవాడికి మిగిలేది 200. ఆ 28 సెకన్లే మధ్య దశలో ఒకట్రెండు లోతైన ఆలోచనల ఖరీదు. నకముర ఆన్‌లైన్‌లో బీ3తోనో (మొదటి ఎత్తుకే బీ వరస బంటును ఒక గడి జరపడం), లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్‌తోనో మొదలుపెట్టడంలో కిటుకు ఇదే. ఆ ఓపెనింగులతో తెల్లకు పెద్ద ఆధిక్యం వస్తుందని అతనూ అనుకోడు. ఎదుటివాడు ఏం ఆడినా తన పావులు ఇంచుమించు అవే గడుల్లోకి వెళ్తాయి, అయిదో ఎత్తు దగ్గర ఆగి గుర్తుచేసుకోవాల్సింది ఏమీ ఉండదు.

రెండోది ప్రీమూవ్. ఎదుటివాడి ఎత్తు రాకముందే మన ఎత్తు పెట్టి ఉంచడం. చెస్ డాట్ కామ్‌లో దీనికి 0.1 సెకను ఖర్చవుతుంది, ఒకటి కాదు, ఎన్నయినా వరసగా పేర్చవచ్చు. మరో సైట్ లీచెస్‌లో ఖర్చు సున్నా కానీ ఒక్కటే పెట్టనిస్తుంది. 1+1 గేమ్‌లో ఒక్కో ప్రీమూవ్‌కు 0.9 సెకను లాభం, పది పెడితే తొమ్మిది సెకన్లు వెనక్కొచ్చినట్టు. అయితే ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నచోటే చాలామంది దెబ్బతింటారు. ‘నా నైట్‌ను కొడితే బంటుతో తిరిగి కొడతాను’ అని పెట్టుకుంటే నష్టం లేదు. అవతలివాడు కొట్టకపోతే ఆ ఎత్తు చెల్లదు, దానంతటదే రద్దవుతుంది. ఖాళీ గడిలోకి క్వీన్‌ను ప్రీమూవ్ చేస్తే మాత్రం అవతలివాడు ఆ గడిని కొట్టేలా బిషప్‌ను తెచ్చి కూర్చోబెట్టినా క్వీన్ వెళ్లిపోతుంది. నకముర గేములు నెమ్మదిగా వెనక్కి తిప్పి చూడండి. అతని ప్రీమూవ్‌లలో ఎక్కువ భాగం తిరిగి కొట్టేవి, ఎండ్‌గేమ్‌లో ఎదుటి బిషప్ రాలేని రంగు గడుల మీద రాజును జరిపేవి. చివరి పది సెకన్లలో ఎదుటివాడి ప్రీమూవ్‌లను చెడగొట్టడానికి ఎవరూ ఊహించని చోట చెక్ ఇస్తాడు. దానికి జవాబు ప్రీమూవ్‌లో దొరకదు, చూసి ఆడాల్సిందే.

మూడోది, నా లెక్కలో అన్నింటికన్నా విలువైనది, చెడ్డ స్థానంలో అతను చూపే ఓర్పు. బంటు పోయినా కంగారుపడి ఎదురుదాడికి దిగడు. క్వీన్‌ను బోర్డు మీదే ఉంచుతాడు, నైట్‌ను అవతలి రాజు దగ్గరికి చేరుస్తాడు, తన రాజుకు తప్పించుకునే గడి ఉండేలా ఒక బంటును ముందే జరుపుతాడు. ఇంజిన్ చూపే అంకె ఏమీ మారదు. అవతలివాడికి మాత్రం ప్రతి ఎత్తుకూ రెండు మూడు ప్రమాదాలు సరిచూసుకోవాల్సిన పని పడుతుంది. 3+1లో ఆ పని ఎక్కువసేపు తప్పు లేకుండా చేయగలవాళ్లు చాలా తక్కువ.

స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌లో అతను టైటిళ్లు గెలిచిన పద్ధతి 5+1 గేములు 90 నిమిషాలు, 3+1 గంట, 1+1 అరగంట. ఒకే ప్రత్యర్థితో మూడు గంటలు. అలసట పెరిగేకొద్దీ గడియారం చిన్నదవుతుంది, అంటే మ్యాచ్ నడిచేకొద్దీ నకముర ఇంటివైపు జరుగుతుంది. ప్రపంచ బ్లిట్జ్‌లో ప్రీమూవ్ లేదు. పావును చేత్తో ఎత్తి పెట్టి గడియారం నొక్కాలి. 2019లో, 2022లో అక్కడ ప్రతి రౌండ్‌కూ కొత్త ప్రత్యర్థి. టైటిల్ కావాలంటే దిగువ రేటింగ్ వాళ్లమీద తెల్లతోనూ నల్లతోనూ గెలుస్తూ పోవాల్సిందే. ఓడకుండా ఉండటం ఒక్కటే సరిపోని చోటు అది.

కుర్రతనంలో అతని ఆట ఇలా లేదు. 2005లో మన చెన్నై గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్‌పై రెండో ఎత్తుకే క్వీన్‌ను హెచ్5కు తెచ్చి ఆడాడు, ఓడాడు కూడా. 2007 బార్సిలోనాలో క్రాసెన్‌కోవ్‌పై ఎఫ్2 గడిలో క్వీన్‌ను బలిచ్చి తెల్లరాజును బోర్డు మధ్యకు లాక్కొచ్చాడు. 2010లో గెల్ఫాండ్‌పై నల్లతో గెలిచిన కింగ్స్ ఇండియన్ (తెల్లకు మధ్య చోటు వదిలి తర్వాత ఎదురుదాడి చేసే ఓపెనింగ్) గేమ్‌ను ఇప్పటికీ కోచ్‌లు పాఠంగా చూపిస్తారు. శిఖరానికి చేరాక ఆ పదును తగ్గించుకుని బెర్లిన్, క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ లాంటి గట్టి గోడల వెనక్కి వెళ్లాడు. తప్పనలేం, కింగ్స్ ఇండియన్‌లో తెల్లకు ఇచ్చే చోటు పైస్థాయిలో చాలా ఖరీదు. దానివల్ల ఓటములు తగ్గాయి. తెల్లతో గెలిచి తీరాల్సిన రోజున తీయడానికి కత్తి కూడా తగ్గింది.

రెండు గేములు పక్కపక్కన పెట్టి చూడాలి. 2020 ఆగస్టు, మాగ్నస్ కార్ల్‌సన్ చెస్ టూర్ ఫైనల్. ఏడు సెట్ల సుదీర్ఘ పోరు చివరకు ఆర్మగెడాన్‌కు, అంటే డ్రా అయితే నల్లవాడే గెలిచినట్టు లెక్కించే ఒకే ఒక్క గేమ్‌కు వచ్చింది. నకమురకు తెల్ల, గెలవాలి. కార్ల్‌సన్‌కు డ్రా చాలు. డ్రా అయింది, టైటిల్ పోయింది. 2024 ఏప్రిల్, ప్రపంచ ఛాంపియన్‌ను సవాలు చేసేవాడిని ఎంచే టోర్నీ క్యాండిడేట్స్, టొరంటోలో చివరి రౌండ్. గుకేశ్ 8.5, నకముర 8. మళ్లీ నకమురకే తెల్ల, మళ్లీ గెలవాలి. గుకేశ్ నల్లతో కదలకుండా నిలబడ్డాడు, డ్రా చేసుకుని 9 పాయింట్లతో టోర్నీ గెలిచాడు. రెండు చోట్లా ఎదుటివాడికి కావాల్సింది డ్రా మాత్రమే, పైగా గోడ కట్టడం బాగా తెలిసినవాడు. తనంతట తప్పు చేయని ప్రత్యర్థి మీద నకముర పద్ధతి తిరగడానికి ఇరుసు ఉండదు.

గంటల తరబడి సాగే క్లాసికల్ చెస్‌లో సమయం లెక్క కూడా తలకిందులవుతుంది. క్యాండిడేట్స్‌లో 40 ఎత్తులకు 120 నిమిషాలు, అంటే ఎత్తుకు సగటున మూడు నిమిషాలు. ఆన్‌లైన్‌లో ఒక గేమ్ మొత్తానికి ఇచ్చే సమయం అది. ‘ఇది చాలు’ అనిపించిన ఎత్తును వెంటనే ఆడేయడం ఆన్‌లైన్‌లో సుగుణం, ఇక్కడ ‘ఇంతకన్నా మంచిది ఉందా’ అని ఇంకో పది నిమిషాలు తవ్వేవాడిదే పైచేయి. 2014 జ్యూరిచ్‌లో కార్ల్‌సన్‌పై గెలుపు దాకా వెళ్లిన దాడిని చేజార్చుకుని ఓడిపోయిన గేమ్ దీనికి పాత ఉదాహరణ. కార్ల్‌సన్‌పై క్లాసికల్‌లో తొలి గెలుపు కోసం 2016 బిల్బావో దాకా ఆగాల్సి వచ్చింది. టొరంటోలో విదిత్ గుజరాతీ అతన్ని రెండుసార్లు ఓడించాడు. రెండో రౌండ్‌లో హెచ్3 దగ్గర బిషప్‌ను బలిచ్చి, నకముర 47 గేముల అజేయ పరంపరకు తెరదించాడు. ఇక 2022 మాడ్రిడ్ క్యాండిడేట్స్ గాయం వేరే రకం. చివరి రౌండ్‌లో డింగ్ లిరెన్‌పై డ్రా చేసుకుంటే రెండో స్థానం దక్కేది, నల్లతో ఓడాడు. తర్వాత కార్ల్‌సన్ టైటిల్ వదులుకోవడంతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఆ రెండో స్థానానికే వచ్చింది. ఆడి గెలిచింది డింగ్.

ఇక్కడ మన వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశిని పక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 2024 డిసెంబర్ జాబితాలో 2800 దాటి, ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడయ్యాడు. నల్లతో కూడా సమానమైన స్థానం వద్దనుకుని, కొంచెం చెడ్డదైనా సరే పోట్లాట ఉన్న స్థానాన్నే ఎంచుకుంటాడు. అతని ఓటముల్లో చాలావరకు ఆ తాపత్రయం నుంచే వస్తాయి. కానీ గెలిచి తీరాల్సిన రోజున అతను కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, రోజూ ఆడేదే ఆడతాడు. నకమురకు ఆ రోజున అలవాటు లేని ఆట ఆడాల్సి వస్తుంది.

మరి ఏం మార్చాలి? ఆన్‌లైన్‌లో వేల గేములు ఆడిన బీ3ని గెలవాల్సిన క్లాసికల్ గేమ్‌లోకి తేవడం మొదటిది. అందులో అతనికి తెలిసిన మధ్య దశలు ఎదుటివాడికి తెలిసే అవకాశం తక్కువ. రెండోది, కనీసం 25వ ఎత్తు దాకా క్వీన్ల మార్పిడికి ఒప్పుకోకపోవడం. మూడోది, బంట్ల ఆకృతి మారబోయే ప్రతి చోటా చేయి ఆపుకుని ఆలోచించడం. అక్కడ తొందరగా ఆడిన ఎత్తును ఆ తర్వాత ఎంత ఓర్పుతోనూ సరిదిద్దలేరు.

ఆన్‌లైన్‌లోనూ ఈ అవసరం ముదురుతోంది. 2024 స్పీడ్ చెస్ సెమీఫైనల్లో అతన్ని ఓడించిన అలీరెజా ఫిరూజా 2003లో పుట్టినవాడు, మౌస్ పట్టుకునే పెరిగిన తరం. చివరి అరగంట 1+1లో పుంజుకుని మ్యాచ్ కాపాడుకునే వెసులుబాటు ఇలాంటి ప్రత్యర్థుల దగ్గర నకమురకు మిగల్లేదు. మొదటి 90 నిమిషాల 5+1లోనే ముందంజ వేయాలి. అక్కడ అవతలివాడి గడియారం ఇంకా నిండుగా ఉంటుంది కాబట్టి, ఆ ముందంజ తెల్లపావులతోనే తెచ్చుకోవాలి.