పెద్దవాళ్ళకు అలకపాన్పు కావలెను

పెద్దవాళ్ళు పసిపిల్లల్లా మారాలని ఈ మధ్య విజయనగరంలో బోధలు ఎక్కువయ్యాయి. పొద్దున్నే కోట చుట్టూ నడిచేవాళ్ళు నడక ముగించి, గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి, రాని నవ్వు నవ్వుతున్నారు. వ్యక్తిత్వ వికాస నిపుణులు కల్యాణ మండపాలు అద్దెకు తీసుకుని మరీ ‘మీలోని పసివాణ్ణి నిద్రలేపండి’ అని ఉద్బోధిస్తున్నారు. ఈ ఉద్యమాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. నిద్రపోయినవాణ్ణయితే లేపవచ్చు. మన పెద్దమనుషుల్లో ఉన్న పసివాడు ఏనాడు కునుకు తీశాడని?

సాక్ష్యం కావాలంటే ఏ పెళ్ళికైనా వెళ్ళండి. ఇంజనీరింగ్ చదివి, ఆదాయపు పన్ను కట్టి, మూడు ముళ్ళూ వేసిన వరుడు అలకపాన్పు ఎక్కి మూతి ముడుచుకుంటాడు. ఉంగరమో, బైకు తాళమో చేతిలో పడేదాకా దిగడు. దాన్ని మొండితనమని ఎవరూ అనరు, ముచ్చట అంటారు. అయినా పాపం, పెళ్ళికొడుకు అలక ఒక్క పూటతో తీరుతుంది. అసలు అలక మేనమామది. శుభలేఖలో తన పేరు తమ్ముడి పేరు కింద పడింది. అరవై దాటిన ఆ పెద్దాయన భోజనాల వేళ ‘నాకు ఆకలి లేదు’ అని ప్రకటించి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటాడు. మెడ మాత్రం బూరెల బుట్ట ఎటు వెళితే అటు తిరుగుతూ ఉంటుంది. ఒకరు బతిమాలితే కదలడు, ఇద్దరు బతిమాలినా కదలడు. ఆడపెళ్ళివారి తరఫున వియ్యంకుడంతటివాడు వచ్చి చెయ్యి పట్టుకుంటే, ‘మీ ముఖం చూసి లేస్తున్నాను బావగారూ’ అంటూ లేస్తాడు. లేచినవాడు నాలుగు బూరెలు నెయ్యి పోయించుకుని తింటాడు.

ఈ విద్యలో మన ఊరికి అంతర్జాతీయ ఖ్యాతి కూడా ఉంది. బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెన్ అన్నది వీధిపిల్లల రాజ్యాంగంలో మొదటి అధికరణం. విజయనగరం రాజకుమారుడు, క్రికెట్ లోకానికి విజ్జీగా తెలిసినాయన, 1936లో భారత జట్టుకు నాయకుడిగా ఇంగ్లండు వెళ్ళి ఆ అధికరణాన్ని తు.చ. తప్పకుండా అమలు చేశాడు. తనతో పడని ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఫలహారాల బల్ల దగ్గర భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడిని నలుగురిలో అవమానించినందుకు ఒక ఆటగాడికి టెస్టులో చోటు దక్కిందన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. ఆరు ఇన్నింగ్స్‌లో నాయకుడుగారి పరుగులు అన్నీ కలిపి 33. ఆ సంవత్సరమే ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది. తర్వాతి కాలంలో క్రికెట్ బోర్డు అధ్యక్ష పదవీ వచ్చింది. మన ఊళ్ళో ఆయన పేరిట స్టేడియం ఉంది. పిల్లచేష్టలు మానితేనే పైకొస్తారని తరగతిలో చెప్పే మాస్టార్లు ఈ వివరాలు పిల్లల కంట పడకుండా చూసుకోవాలి.

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో సిరిమాను అనే పొడవాటి చెట్టుమాను కదిలినప్పుడు, మాను చివర ఆకాశంలో కూర్చున్న పూజారి వైపు అరటిపండ్లు విసిరేవాళ్ళలో ఆఫీసర్లూ ఉంటారు, అప్పులవాళ్ళూ ఉంటారు. అందరి నోళ్ళూ తెరుచుకునే ఉంటాయి. బుధవారం తెల్లారేసరికి మాత్రం ఉత్సవం చూసే పాసు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న పంచాయితీ మొదలవుతుంది.

నిపుణులు చెప్పని సంగతి ఒకటుంది. ‘నీతో జట్టు లేదు ఫో’ అన్న పిల్లవాడు సాయంత్రం గోళీలాటకు మనిషి తక్కువైతే తానే వచ్చి పిలుస్తాడు. పెద్దవాడు అలిగితే అది ఆస్తితోపాటు వారసులకు సంక్రమిస్తుంది. కనుక ప్రభుత్వం అలకకు కాలపరిమితి విధించాలని నా డిమాండు. గడువు దాటినా కొనసాగించదలచినవారు మీ సేవలో రుసుము కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. జిల్లా ఖజానా ఏడాదిలో నిండకపోతే అడగండి.

మా వీధిలో అన్నదమ్ములిద్దరు ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని ఉంటారు. నడుమ ఉన్న వేపచెట్టు ఆకులు ఎవరు ఊడ్వాలన్న దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆగి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. తమ్ముడి కూతురు ఆరో తరగతి. ‘పెదనాన్నా, మోటారు ఆపమంటున్నారు నాన్న’ అని ఇటు నుంచి అటు, ‘నాన్నా, ట్యాంకు ఇంకా నిండలేదంటున్నారు పెదనాన్న’ అని అటు నుంచి ఇటు, మాట పొల్లుపోకుండా మోస్తుంది. తిట్లుంటే మధ్యలో తీసేస్తుంది. కబురుకు ఒక చాక్లెట్ రేటు. మొన్న ఆ పిల్ల పుస్తకాల సంచీ తగిలించుకుని, ఇద్దరినీ వేపచెట్టు కిందికి పిలిచి చెప్పింది:

‘వచ్చేవారం నుంచి నాకు పరీక్షలు. అయ్యేదాకా మీ కబుర్లు మీరే మోసుకోండి.’