ఉద్యోగంతోపాటే పోయే డాక్టరు

అమెరికాలో ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు, చాలామందికి డాక్టరు కూడా పోతాడు. అరవై ఐదేళ్లలోపు వాళ్లలో ఎక్కువమందికి హెల్త్ ఇన్సూరెన్స్ పనిచేసే కంపెనీ ద్వారానే వస్తుంది. ఆ కంపెనీ ఏ ఇన్సూరెన్స్ సంస్థతో ఒప్పందం చేసుకుందో, ఆ సంస్థ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లే మన డాక్టర్లు. ఉద్యోగం మారినా, కొత్త సంవత్సరం నుంచి కంపెనీ ఇన్సూరెన్స్ మార్చినా, అయిదేళ్లుగా మన బీపీ చూస్తున్న డాక్టరు ఒక్క రోజులో ‘అవుట్ ఆఫ్ నెట్‌వర్క్’ అయిపోతాడు. ఇంతవరకూ ఒహాయోలో పుట్టినవాడికీ ఒంగోలులో పుట్టినవాడికీ ఒకటే రూలు. తేడా అంతా ఆ తర్వాతే. పాత డాక్టరు చేజారాక పట్టుకోవడానికి ఎవరికి ఏం మిగులుతుందన్నది, ఎక్కడ పుట్టారు, ఏ కాగితం మీద ఉన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

డాక్టరు మారితే అంత నష్టమా అని అడిగేవాళ్లు ఉంటారు. మంచి డాక్టరు ఎక్కడైనా మంచి డాక్టరే కదా అనిపిస్తుంది. నార్వే లెక్కలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. అక్కడ 2001 నుంచి, దేశంలో నివాసిగా నమోదైన ప్రతి ఒక్కరికీ పేరుతో సహా ఒక ఫ్యామిలీ డాక్టరు ఉండే పద్ధతి నడుస్తోంది. ఉద్యోగంతో దానికి సంబంధం లేదు. దాదాపు 45 లక్షల మంది రికార్డులు చూసి అక్కడి పరిశోధకులు 2021లో ఫలితాలు ప్రచురించారు. ఒకే డాక్టరు దగ్గర పదిహేనేళ్లకు పైగా ఉన్నవాళ్లలో, ఏడాది పరిచయమే ఉన్నవాళ్లతో పోలిస్తే, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరే అవకాశం, ఆ ఏడాది చనిపోయే అవకాశం రెండూ దాదాపు పాతిక శాతం తక్కువ. ఇది రికార్డుల అధ్యయనం కాబట్టి, ఒకే డాక్టరు ఉండటమే కారణమని ఖాయంగా చెప్పలేం. కానీ పరిచయం ఏళ్లు పెరిగేకొద్దీ లాభమూ మెట్టుమెట్టుగా పెరగడం చూస్తే, తేలిగ్గా కొట్టిపారేయలేం.

వైద్యం తెగకుండా సాగడంలో మూడు పాయలు ఉన్నాయని 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం విడదీసి చెప్పింది. మన వివరాలు ఒకచోట నుంచి మరోచోటికి చేరడం ఒకటి. వేర్వేరు డాక్టర్లు రాసే మందులు, పరీక్షలు ఒకదానికొకటి పొసగడం రెండోది. మనల్ని ఎరిగిన మనిషి ఉండటం మూడోది. అమెరికాలో పుట్టినవాడు ఇన్సూరెన్స్ మారినప్పుడు ఎక్కువగా పోగొట్టుకునేది మూడోదాన్ని. పాత క్లినిక్ రికార్డు కంప్యూటర్‌లో ఉంటుంది, కొత్త క్లినిక్ చాలాసార్లు దాన్ని తెప్పించుకోగలదు. వలస వచ్చినవాడికి మూడింటికీ ముప్పే. మొదటి రెండూ విమానం ఎక్కిన రోజే పోతాయి.

ఉద్యోగం పోయిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 1985 నాటి కోబ్రా చట్టం కింద పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. ఈ వీలు ఇద్దరికీ ఉంది. కాకపోతే అంతకుముందు కంపెనీ కట్టిన వాటా కూడా మనమే కట్టాలి, పైన రెండు శాతం అదనం. జీతం ఆగిపోయిన నెలలో కుటుంబానికి అంత ప్రీమియం కట్టేవాళ్లు ఎందరుంటారు? ఆ మెట్టు దాటాక దారులు విడిపోతాయి. అక్కడే పుట్టినవాడికి ఆదాయం పడిపోతే చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, దొరుకుతుంది. ఇరవై ఆరేళ్లలోపు వాడైతే అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో చేరిపోవచ్చు. మరేదీ కుదరకపోతే పుట్టిన ఊరికి వెళ్లి, చిన్నప్పటి నుంచి ఇంటిల్లిపాదినీ చూసిన క్లినిక్ తలుపు తట్టొచ్చు.

హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఇన్సూరెన్స్ కంటే ముందు వేరే గడియారం మొదలవుతుంది. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో, వీసా మార్చుకోవడానికో, దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో షుగర్ చెకప్ గుర్తుండే మనిషిని నేను చూడలేదు. మెడికెయిడ్ అతనికి వర్తించదు. గ్రీన్‌కార్డు వచ్చినా 1996 నాటి చట్టం వల్ల పెద్దవాళ్లలో చాలామంది అయిదేళ్లు ఆగాలి. ఇక మిగిలింది ప్రభుత్వం నడిపే మార్కెట్‌ప్లేస్‌లో ఇన్సూరెన్స్ కొనుక్కోవడం. 2025 జూలైలో వచ్చిన చట్టం ఆ తలుపునూ సగం మూసింది. 2027 నుంచి అక్కడి సబ్సిడీలు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, మరి కొద్ది వర్గాలకు మాత్రమే. హెచ్‌1బీ వాళ్లు చట్టబద్ధంగా ఉంటూ పన్నులు కడుతున్నా సబ్సిడీ లేకుండా పూర్తి ధరకు కొనుక్కోవాల్సిందే.

అక్కడ పుట్టినవాళ్లందరికీ అంతా పూలబాటేనని కాదు. డాలస్ చుట్టూ మనవాళ్లు ఇంతమంది ఉన్న టెక్సాస్, మెడికెయిడ్‌ను విస్తరించని పది రాష్ట్రాల్లో ఒకటి. పిల్లలు లేని ఒంటరి మనిషి ఉద్యోగం పోయి చేతిలో పైసా లేకపోయినా, ఏడు తరాలుగా టెక్సాస్‌లోనే ఉన్నా, అక్కడ అతనికి మెడికెయిడ్ రాదు. పుట్టుక ఒక్కటే రక్షణ కాదు. కాకపోతే అతను ఊళ్లోనే ఉండొచ్చు, జబ్బుతోపాటు వీసా కూడా లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మరి మనవాళ్లు ఏం చేస్తున్నారు? చాలామంది అమెరికాలో డాక్టరు కోసం వెతకడమే మానేసి, ఇంటిదగ్గర డాక్టరును అట్టిపెట్టుకున్నారు. గుంటూరులోనో వరంగల్‌లోనో పెళ్లికి ముందు నుంచీ చూసిన డాక్టరుకు వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో పంపిస్తారు. ఆయన వాయిస్ మెసేజ్‌లో డోసు చెబుతాడు. సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ‘ఫుల్ బాడీ చెకప్’, తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులో నెలలకు సరిపడా మాత్రలు. అమెరికా డాక్టర్లు దీన్ని నిర్లక్ష్యం అంటారు. నేను అలా అనను. పై మూడింటిలో ‘మనల్ని ఎరిగిన మనిషి’ అన్నదాన్ని వలస వచ్చినవాళ్లు ఇలా సముద్రం అవతల కాపాడుకుంటున్నారు. ఆ డాక్టరుకు నాన్నకు గుండెపోటు ఎన్నో ఏట వచ్చిందో తెలుసు, ఏ మాత్ర పడలేదో తెలుసు. పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో కొత్త డాక్టరుకు అదంతా చెప్పుకోవడం ఎవరివల్లా కాదు.

చిక్కల్లా ఈ ఇద్దరు డాక్టర్లూ ఒకరి రాత ఒకరు చూడరు. గుంటూరు డాక్టరు చీటీ మీద అమెరికా ఫార్మసీ మందు ఇవ్వదు. అమెరికా డాక్టరు ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడిగితే మనం చెప్పేది బ్రాండ్ పేరు. గ్లైకోమెట్ జీపీ అనే షుగర్ మాత్ర పేరు చెబితే అక్కడ ఎవరికీ అర్థం కాదు. అందులో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసి ఉంటాయి, ఆ జోడీ ఒకే మాత్రగా అమెరికాలో దొరకదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అనుకుని డాక్టరు దాన్ని రాసి, ఇంటి నుంచి తెచ్చినవి కూడా మింగుతూ పోతే డోసు రెట్టింపవుతుంది. పైగా గ్లిమెపిరైడ్ షుగర్‌ను బాగా కిందికి లాగే మందు. రెండో పాయ తెగడం అంటే ఇదే.

కాగితాల కథ ఇంకోటి. మన దగ్గర రికార్డు రోగి చేతిలోనే ఉంటుంది. ఎక్స్‌రే నుంచి రక్తపరీక్ష దాకా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళతాం. అమెరికాలో అది క్లినిక్ దగ్గర ఉంటుంది, అడిగితే చట్టప్రకారం మామూలుగా 30 రోజుల్లోగా ఇవ్వాలి. ఆ అలవాటు లేని మనవాళ్లు అడగనే అడగరు. ఇక చిన్నప్పటి టీకాల కార్డు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి, గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో ఒకసారి చిన్నప్పుడే వేసిన టీకాలను మళ్లీ వేయించుకుంటారు. టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా వేసుకున్నవాళ్లకు టీబీ చర్మపరీక్షలో పాజిటివ్ రావచ్చని తెలియక హడలిపోయేవాళ్లున్నారు. అదే టీబీకి చేసే రక్తపరీక్షకు బీసీజీతో ఇబ్బంది లేదు. పాత కథ తెలిసిన డాక్టరైతే ఆ ముక్క మొదటే చెప్పేవాడు.

ఇరవైల్లో వచ్చినవాళ్లకు ఇదంతా పట్టదు, ఆరోగ్యం బాగుంటుంది కనుక. నలభై దాటాక తెలుస్తుంది. దక్షిణాసియా వాళ్లకు బరువు అంతగా లేకపోయినా షుగర్ వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 25 కాకుండా 23 దగ్గరే పరీక్ష మొదలుపెట్టమంటోంది. 2018 నాటి కొలెస్టరాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా పుట్టుకను గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. ఇవి కాగితం మీద ఉన్నాయి. ఏడాదికో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లే మనిషి విషయంలో వీటిని గుర్తుపెట్టుకునేది ఎవరు?

అమ్మానాన్నల సంగతి మరీ కష్టం. విజిటర్ వీసా మీద మామూలుగా ఆర్నెల్లు ఉంటారు. వాళ్లకోసం కొనే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ముందునుంచి ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదిరితే కొన్ని పాలసీలు కొంతవరకు కడతాయి. రోజువారీ బీపీ చూపించుకోవడానికి కట్టవు. అంటే జబ్బు ముదరకుండా చూసుకునే ఖర్చు మనది, ముదిరాక కొంత ఇన్సూరెన్స్ వాళ్లది. ఇంత తలకిందుల లెక్క ఎవరు వేశారో కానీ, పిల్లలందరూ ఆర్నెల్లూ టెన్షన్‌తోనే గడుపుతారు.

ఇదంతా వలస వచ్చిన రోగుల గొడవ మాత్రమేనని అక్కడ పుట్టినవాళ్లు అనుకుంటే పొరపాటు. అమెరికా డాక్టర్లలో దాదాపు నాలుగో వంతు విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు, వాళ్లలో అన్ని దేశాలకంటే పెద్ద వర్గం మన దేశంవాళ్లది. జే1 అనే శిక్షణ వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసినవాళ్లు చదువు అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలి. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో 1994లో మొదలైన పథకం, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు నుంచి మినహాయింపు ఇస్తుంది. రాష్ట్రానికి ఏడాదికి ముప్ఫై మంది. ఆ పల్లెల్లో అయిదు తరాలుగా ఉంటున్న రైతుకు ‘మన డాక్టరు’ అంటే కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన వ్యక్తి కావచ్చు. ఆ రైతు వైద్యం తెగకుండా సాగాలంటే ఆ డాక్టరు వీసా సాగాలి. 2025 సెప్టెంబర్‌లో విదేశాల నుంచి రావాల్సినవాళ్ల కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, డాక్టర్లను మినహాయించమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సహా ఎన్నో వైద్య సంఘాలు ప్రభుత్వాన్ని కోరింది ఇందుకే.

మూడేళ్లు పూర్తయ్యాక చాలామంది పెద్ద ఊళ్లకు వెళ్లిపోతారని ఒక నింద ఉంది. ఉండాలనుకున్నవాళ్లకు మాత్రం ఏం దారి చూపించారు? అలాంటి ప్రాంతంలో అయిదేళ్లు పనిచేస్తే గ్రీన్‌కార్డుకు అర్హత వస్తుంది. కానీ ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల భారతీయులు ఆ క్యూలో పదేళ్లకు పైగా నిలబడాల్సి వస్తోంది. అన్నాళ్లూ ఉద్యోగం మారాలంటే భయం, ఇల్లు కొనాలంటే సందేహం. అయిదేళ్లు పూర్తిచేసిన డాక్టర్లను ఆ దేశాలవారీ పరిమితి నుంచి తప్పిస్తే, వెళ్లిపోయే ముఖ్య కారణాల్లో ఒకటి పోతుంది. ఆ మార్పుతో ముందుగా మేలు జరిగేది డాక్టరు కుటుంబానికే అయినా, డాక్టరు కోసం నలభై మైళ్లు కారు నడపాల్సిన ఆ ఊరి జనానికి అంతకంటే ఎక్కువ మేలు. వలసల మీద కోపంతో ఓటేసే ఊళ్లలోనూ ఈ మాట చెప్పి ఒప్పించవచ్చని నా నమ్మకం.