ముర్మును గెలిపించింది ఆంధ్రప్రదేశ్ ఓట్లేనా?

2022 జులైలో జరిగిన రాష్ట్రపతి ఎన్నికపై ఒక ప్రచారం ఇప్పటికీ ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ ఓట్లు పడకపోతే ద్రౌపది ముర్ము ఓడిపోయేవారనీ, విప్‌కు, అంటే ఫలానా వారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, భయపడే మన ఎమ్మెల్యేలంతా ఒకే వైపు మొగ్గారనీ, ఆంధ్ర ఎమ్మెల్యే ఓటుకు 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటుకు 132 విలువ కట్టడం కేంద్రం పక్షపాతమనీ దాని సారాంశం. ఈ మూడింటిలో ఏదీ లెక్కకు నిలవదు.

చెల్లిన ఓట్ల విలువ మొత్తం 10,56,980 కాగా, గెలుపునకు 5,28,491 కావాలి. ముర్ముకు 6,76,803, ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు 3,80,177 వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 175 మంది ఎమ్మెల్యేల్లో ఓటు వేసిన 173 మందీ ముర్మునే ఎంచుకున్నారు. ఆ ఓట్ల విలువ 27,507. రాష్ట్రానికి చెందిన 36 మంది ఎంపీలూ, ఒక్కొక్కరికి 700 చొప్పున, ఆమెకే వేశారనుకుని మరో 25,200 కలిపి, ఆ మొత్తాన్ని తీసి సిన్హాకు జమ చేసినా ఆమెకు 6,24,096 మిగులుతాయి. పోలింగుకు ముందు, ఆమెను నిలబెట్టిన బీజేపీ కూటమి ఎన్డీయే బలం సగానికి కాస్త తక్కువగా ఉన్నందున వైఎస్సార్‌సీపీ, బిజూ జనతాదళ్ మద్దతుపై విస్తృతంగా చర్చ జరిగిన మాట వాస్తవమే. అయితే ఆ తర్వాత తెలుగుదేశం, శివసేన, జార్ఖండ్ ముక్తి మోర్చా కూడా ఆమె వెంట నిలిచాయి.

విప్ సంగతి మరీ నిరాధారం. రాజ్యాంగంలోని 55వ అధికరణం ప్రకారం ఇది రహస్య ఓటింగు. పార్టీలు విప్ జారీ చేయడానికే వీల్లేదు. ఎన్డీయేకు ఒక్క ఎమ్మెల్యే కూడా లేని కేరళలో ముర్ముకు ఒక ఓటు పడింది.

ఎక్కువ హాని చేస్తున్నది మూడో ఆరోపణ, ఎందుకంటే అది రెండు రాష్ట్రాల ప్రజల మధ్య అనవసరమైన అనుమానాన్ని రేపుతోంది. నాడు టీఆర్‌ఎస్ సిన్హాకు మద్దతిచ్చింది కాబట్టే తెలంగాణ ఓటు విలువ తగ్గించారని నమ్మేవారు కూడా ఉన్నారు. నిజానికి 1971 జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో, ఆపైన వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఓటు విలువ. ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు 2,78,00,586 జనాభాను 175తో, తెలంగాణ ప్రాంతపు 1,57,02,122 జనాభాను 119తో భాగించి చూడండి. 159, 132 ఎవరికైనా వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 294 మందికి ఇదే సూత్రంతో 148 వచ్చేది. అర్ధ శతాబ్దం నాటి జనాభాను ఇంకా ప్రాతిపదికగా తీసుకోవడం సబబా అని తప్పక అడగవచ్చు. కానీ 2026 తర్వాతి తొలి జనగణన వరకు ఆ అంకెలనే కొనసాగించాలన్నది 84వ రాజ్యాంగ సవరణ, అది ఉత్తరప్రదేశ్‌కూ సిక్కింకూ కూడా వర్తిస్తుంది.