హైకోర్టుకు ఇచ్చే జవాబు బస్తీకి ముందే ఇవ్వాలి

2024 సెప్టెంబర్ 22, ఆదివారం నాడు హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేటలో, చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కొన్ని కట్టడాలను కూల్చివేసింది. దానిపై సెప్టెంబర్ 30న విచారణ జరిపిన తెలంగాణ హైకోర్టు, సెలవు రోజున కూల్చాల్సినంత తొందర ఏమొచ్చిందని హైడ్రా కమిషనర్ ఏ.వి.రంగనాథ్‌ను, స్థానిక తహసీల్దార్‌ను నిలదీసింది. ఆ ప్రశ్న అడిగే హక్కు ఇంటి యజమానికీ ఉంది. కానీ హైదరాబాద్‌లో అధికారులు కారణం చెప్పాలంటే ముందు హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి, లాయరుకు ఫీజు కట్టాలి, ప్రభుత్వ న్యాయవాది కౌంటర్ దాఖలు చేసేదాకా ఆగాలి. పోలీసింగ్, ఇళ్లు, ప్రజారోగ్యం, ఏ విషయం తీసుకున్నా ఈ నగరంలో వివరణ మొదట అందేది న్యాయస్థానానికే. ప్రజలకు దక్కేది పత్రికల్లో వచ్చే ఆ విచారణ వార్త మాత్రమే.

చెరువులను కాపాడాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. 1908 మూసీ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న నగరమిది. 2020 అక్టోబర్ వానలకు కాలనీలకు కాలనీలు నీట మునిగినప్పుడు, ఎగువన చెరువు కబ్జా అయితే దిగువన ఎవరు నష్టపోతారో అందరూ చూశారు. అందుకే 2024 జూలైలో జీవో 99తో హైడ్రా ఏర్పడితే సామాన్యులు చాలామంది స్వాగతించారు. అయితే ఆ సంస్థకు ఐపీఎస్ అధికారి సారథి, సిబ్బందిలో పోలీసులూ ఉన్నారు, 2025 మేలో బుద్ధభవన్ దగ్గర సొంత పోలీస్ స్టేషన్ కూడా వచ్చింది. సర్వే, మ్యాపులు, అనుమతులతో తేలాల్సిన పట్టణ ప్రణాళిక వ్యవహారం ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి శాంతిభద్రతల వ్యవహారంగా మారిపోతోంది. ఖాకీ బట్టలను, జేసీబీని కలిపి చూసిన మనిషి తన కాగితాలు చూపించి మాట్లాడే స్థితిలో ఉండడు.

కూల్చివేతలపై సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న మార్గదర్శకాలు ఇచ్చింది. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి కట్టడంపైనా అంటించాలి, యజమాని మాట వినాలి, కారణాలు రాసి తుది ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాత మరో 15 రోజులు ఆగాలి. రోడ్లు, ఫుట్‌పాత్‌ల వంటి బహిరంగ స్థలాలకు, నదులు, జలవనరులకు మాత్రం మినహాయింపు ఉంది. మన నగరంలో చిక్కంతా ఆ మినహాయింపులోనే ఉంది. చెరువులో ఉన్న కట్టడానికి నోటీసు అక్కర్లేదనుకున్నా, ఆ ఇల్లు అసలు చెరువులో ఉందా లేదా అన్నదే కదా వివాదం! ఎన్నో చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) తుది నోటిఫికేషన్ రాకముందే, దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని బఫర్ జోన్ హద్దు నేలపై స్పష్టం కాకముందే, ఒక శాఖ మ్యాపులో గీత చూపి ఇల్లు నీళ్లలో ఉందని నిర్ణయించేస్తే, విచారణలో తేలాల్సిన అంశాన్నే ముందుగా తేల్చేసినట్టవుతుంది. అదే సర్వే నంబర్‌లో రిజిస్ట్రేషన్ చేసిందీ ప్రభుత్వమే, ఇంటి పన్ను కట్టించుకుందీ ప్రభుత్వమే. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంటి యజమానికి ఒక్క రోజు విచారణ కూడా ఇవ్వకపోతే ఎలా? శనివారం తెల్లవారుజామున యంత్రాలు వస్తే అతనికి మిగిలే దారి హౌస్ మోషన్, అంటే న్యాయమూర్తి ఇంటి దగ్గరే అత్యవసర విచారణ కోరడం, ఒక్కటే. న్యాయమూర్తి నివాసానికి లాయరును పంపగల స్తోమత ఎంతమందికి ఉంటుంది?

మూసీ తీరంలో ఇదే సమస్య ఇంకో రూపంలో కనబడింది. 2024 సెప్టెంబర్ చివర్లో నది ఒడ్డు బస్తీల్లో గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు, అది నదీగర్భం (రివర్ బెడ్)లో ఉన్నాయంటూ ఇళ్లకు వేసిన గుర్తు. ఆ అక్షరాల అర్థం చాలా కుటుంబాలకు టీవీలో చూశాకే తెలిసింది. చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్ల నుంచి కొందరిని మలక్‌పేటలోని పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. అది దగ్గరే కాబట్టి పిల్లల బడి, పెద్దల కూలిపని చెడకుండా సర్దుకునే వీలుంది. అదే కుటుంబాన్ని కొల్లూరుకు పంపితే పరిస్థితి వేరు. అక్కడ ఒకే చోట 15,660 ఇళ్లు కట్టారు, అవి మంచి ఇళ్లే. కానీ చాదర్‌ఘాట్‌లో నాలుగిళ్లలో పనిచేసే ఆమెకు కొల్లూరు నుంచి రానుపోను బస్సులకే సగం రోజు పోతుంది. ఇంట్లో ఎన్ని గదులున్నాయన్నదే లెక్క కాదు, పని ఎంత దూరమన్నదీ అంతే ముఖ్యం. ఇక కిరాయికి ఉండేవాళ్ల సంగతి మరీ అన్యాయం. పట్టా, నోటరీ కాగితం, కరెంటు బిల్లు ఏదీ వారి పేరున ఉండదు కాబట్టి సర్వే పుస్తకంలో వాళ్లు లేనట్టే.

ప్రజారోగ్యంలోనూ ఇదే ధోరణి. 2020లో కొవిడ్ బులెటిన్లు పూర్తి వివరాలతో ఇవ్వాలని హైకోర్టు పదేపదే ఆదేశించాల్సి వచ్చింది. తన పేటలో ఎన్ని కేసులున్నాయో తెలుసుకోవడం ఎవరికైనా ప్రాణావసరం, దానికి కూడా పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) కావాల్సి వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూల్చాలా, వారసత్వ కట్టడంగా నిలపాలా అన్న చర్చ 2015 నుంచి ఏళ్లపాటు కోర్టులో నలిగింది. 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లు వచ్చాక ఆ భవనాన్ని మూసేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. ఈ మధ్యకాలమంతా పేద రోగులు మిగిలిన బ్లాకుల్లో ఇరుక్కుని వైద్యం చేయించుకున్నారు. పోలీసింగ్‌లోనూ అంతే. లాక్‌డౌన్‌లో పోలీసులు మాస్కు తీయించి ఫొటో తీశారన్న ఫిర్యాదుతో ముఖ గుర్తింపు సాంకేతికతపై ఒక సామాజిక కార్యకర్త వేసిన పిల్‌లో 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. కెమెరాలు పెట్టేముందు ఆ చర్చ ఎన్నికైన సభలో జరిగి ఉండాల్సింది.

కోర్టులు అతిగా జోక్యం చేసుకుంటున్నాయని విమర్శించేవారు ఈ వరుసను ఒకసారి చూడాలి. 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. అవి నిజంగా పనిచేసి ఉంటే ఆర్‌బీ-ఎక్స్ అంటే ఏమిటో గోడ మీద రాయకముందే బస్తీకి తెలిసేది. ఎఫ్‌టీఎల్ మ్యాపును సర్వే నంబర్లతో సహా తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. అభ్యంతరాలు వినే అధికారి కూల్చే సంస్థకు చెందినవాడు కాకూడదు. తరలింపు జాబితాలో కిరాయిదారుల పేర్లు ఉండాలి, కొత్త ఇల్లు ఎక్కడో ఖరారై తాళం చేతికి వచ్చాకే పాత ఇంటిపై చేయి వేయాలి. వీటిలో ఏదానికీ కొత్త చట్టం అవసరం లేదు, ఒక్క జీవో సరిపోతుంది.