లైట్లు షోకు కోసం కాదు

కార్ డీటెయిలింగ్ షాపులో, అంటే కార్లను బాగా శుభ్రం చేసి పాలిష్ పట్టే చోట, లైట్లు కస్టమర్‌ని ఆకట్టుకోవడానికే అన్నట్టు కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. పోయినేడు నల్లగొండలో ఒక షాపులో నా నల్ల కారుకు పాలిష్ చేయించాను. లోపల ట్యూబ్‌లైట్ల కింద అద్దంలా మెరిసింది. మిర్యాలగూడ రోడ్డు మీద మిట్ట మధ్యాహ్నం ఆపి చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు! డబ్బులకన్నా, చూపించకుండా పంపారన్న బాధే ఎక్కువ.

ట్యూబ్‌లైటు వెలుతురు పరుచుకుపోతుంది, సన్న గీతలు అందులో కలిసిపోతాయి. ఎండలా ఒకే చోటి నుంచి పడే గట్టి వెలుగులోనే అవి బయటపడతాయి. షాపు వాళ్లకు నేను చెప్పేది: సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 దాటిన, వెలుగు రంగు 5000 కెల్విన్‌కు అటూఇటూ, అంటే పగటి వెలుగులా తెల్లగా ఉండే ఎల్ఈడీలు పెట్టండి. పక్క గోడలకు కూడా పెట్టాలి, డోర్ల మీద పైలైటు సరిగా పడదు. కారు ఇచ్చేముందు చేతి లైటు పట్టి ఓనర్‌కి చూపించండి. పాలిష్‌కి పోకుండా మిగిలిన గీత ఉంటే అప్పుడే చెప్పండి.